పిలకాయల పేర్ల పక్కన ఆ నాలుగు అక్షరాలు ఎందుకు సార్?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ప్లేస్‌మెంట్లు చూసే సార్లకు, మేడమ్‌లకు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు చెప్పడానికి వచ్చే ట్రైనర్లకు,

నమస్కారం. నేను కందుకూరు దగ్గర ఒక పల్లెటూరివాణ్ని. ఏ జిల్లా అంటే మాత్రం వెంటనే చెప్పలేను. పుట్టినప్పుడు ప్రకాశం, 2022 ఏప్రిల్ 4న నెల్లూరు, ఆ తర్వాత మళ్లీ ప్రకాశంలోకే అన్నారు. బోర్డు మారినప్పుడల్లా మా నాయన "మన చేను అక్కడే ఉంది గదా" అంటాడు. రొయ్యలు కొని ఎగుమతి చేసే ఒక కంపెనీలో ప్రొక్యూర్‌మెంట్ చూస్తాను. అంటే చెరువుల మీద తిరిగి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి, రేటు మాట్లాడి, పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, ఐసు బండితో సహా కట్ట మీద నిలబడేవాణ్ని.

పోయిన నెల మా కంపెనీ తరఫున ఒక కాలేజీకి కుర్రవాళ్లను చూసుకోడానికి వెళ్లాను. ఏ కాలేజీ అన్నది అనవసరం, హైవే పొడవునా కాలేజీలే కదా మనకి. ప్లేస్‌మెంట్ సారు మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నలభై రెండు మంది పేర్లున్న లిస్టు చేతిలో పెట్టారు. పేరు, బ్రాంచి, మార్కుల శాతం, బ్యాక్‌లాగులు, ఫోన్ నంబరు, ఆ తర్వాత ఇంకొక కాలమ్. దాని నిండా నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలు. ఐఎస్‌టీజే, ఈఎన్‌ఎఫ్‌పీ, ఐఎన్‌ఎఫ్‌పీ, అట్లా కింది దాకా. ఇదేంటి సార్ అంటే "పర్సనాలిటీ టైపు. మీకు సెలక్షన్ తేలికవుతుందని పెట్టాం" అన్నారు. ఎంబీటీఐ (మయర్స్-బ్రిగ్స్ టైప్ ఇండికేటర్) అనే స్వభావం టెస్టు రాయిస్తే వచ్చే అక్షరాలు అవి.

ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు, అందులో నాకేం అనుమానం లేదు. కానీ టీ గొంతు దిగలేదు. ఎందుకంటే 2014లో అలాంటి లిస్టులోనే నా పేరూ ఉంది, నా పేరు పక్కన కూడా నాలుగు అక్షరాలున్నాయి, వాటివల్ల ఏం జరిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పుడు నేను ఫైనల్ ఇయర్. హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్ వచ్చారు. తలా మూడు వందలు కట్టించుకుని రెండు రోజుల క్లాసు, అందులో ఒక పూట టెస్టు. మొత్తం ఇంగ్లీషులోనే. ఒక ప్రశ్న నాకు ఇంకా కళ్లముందే ఉంది: పార్టీలో మీరు కొత్తవాళ్లతో సహా చాలామందితో మాట్లాడతారా, తెలిసిన కొద్దిమందితోనే మాట్లాడతారా? సార్, మా ఊళ్లో పార్టీ అంటే రెండే. ఒకటి జెండాది, రెండోది మందుది. నేను రెంటికీ దూరం. అందుకని తెలిసిన కొద్దిమందితోనే అని టిక్కు పెట్టాను. అదే ప్రశ్న "పెళ్లిలో" అనో "తిరునాళ్లలో" అనో అడిగి ఉంటే? మా మేనత్త కూతురి పెళ్లిలో వడ్డనలో నిలబడి, ముక్కూమొహం తెలియని వాళ్లందరినీ "ఇంకో గరిటె వేయించుకోండి మామా" అని బతిమాలింది నేనే.

సరే, టెస్టు అయింది, ఐఎస్‌టీజే అని వచ్చింది. ట్రైనర్ చదివి వినిపించారు: మాట తక్కువ, పని మీద శ్రద్ధ ఎక్కువ, పద్ధతిగా ఉంటారు, లెక్కల పనులు, ఆడిటింగ్ లాంటివి నప్పుతాయి. అబద్ధం చెప్పను, ఆ రోజు నాకు భలే సంతోషమేసింది. చిన్నప్పటి నుంచి ఊళ్లో నన్ను "ముంగి" అనేవాళ్లు. అదే సంగతికి ఇంగ్లీషులో ఒక గౌరవమైన పేరు దొరికింది, పైగా నాలాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారట. హాస్టల్లో ఆ కాగితాన్ని మంచం పక్కన గోడకి అంటించుకున్నాను కూడా. ఇంటికెళ్లి నాయనకి చెప్పాను. మాది పొగాకు. నాయన అప్పుడే వేలం కేంద్రం నుంచి వచ్చి ఉన్నాడు, ఆ పూట రెండు బేళ్లు ఎవరూ పాడక నోబిడ్ అయి వెనక్కొచ్చాయి, చిరాగ్గా ఉన్నాడు. అంతా విని, "ఒకే చెట్టు మీద కింది ఆకు ఒక గ్రేడు, నడిమాకు ఒక గ్రేడు, కొసాకు ఇంకొక గ్రేడు. మనిషికి మాత్రం మొత్తం కలిపి ఒకటే గ్రేడు ఎట్లా ఇచ్చార్రా?" అన్నాడు. ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక కంపెనీ వచ్చింది. జిల్లాల్లో తిరిగి రైతులతో, డీలర్లతో మాట్లాడే ఉద్యోగం, జీతం అప్పటికి బాగానే ఉంది. మా ప్లేస్‌మెంట్ సారు లిస్టు ముందు పెట్టుకుని, పేరు పక్కన మొదటి అక్షరం "ఈ" (ఎక్స్‌ట్రావర్ట్, అంటే జనంలో కలిసిపోయేవాళ్లు) ఉన్నవాళ్లనే లోపలికి పంపించారు. నాది "ఐ", అంటే ఇంట్రావర్ట్. నేను వెళ్లి అడిగితే, "నువ్వు ఇంట్రావర్ట్‌వి కదరా, జనంలో తిరిగే పని నీకెందుకు, ఊరికే టెన్షన్ పడతావు, నీకు తగ్గది వస్తుందిలే" అన్నారు. ప్రేమగానే అన్నారు. నేనూ తలూపి వచ్చేశాను, ఎందుకంటే గోడ మీద కాగితం కూడా అదే చెప్తోంది కదా. నాకు తగ్గది మాత్రం ఆ సంవత్సరం రాలేదు. మా అమ్మ నెల్లూరు వెళ్లి, రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఉద్యోగం రొట్టె పట్టుకుంది.

చివరికి ఒక బంధువు మాటసాయంతో ఈ రొయ్యల లైన్లోకి వచ్చాను. మొదట ప్లాంటులో తూకాల దగ్గర కూర్చోబెట్టారు. ఒకరోజు చెరువుల మీదికి వెళ్లే ఆయనకు జ్వరం వచ్చి నన్ను పంపించారు, ఆ పోవడం పోవడం ఇప్పటిదాకా అదే పని. అల్లూరు, విడవలూరు వైపు రైతులు కొందరు రేటు లేకపోయినా సరే ఒక మాట మాట్లాడి పొమ్మని పిలుస్తారు. అలాగని నేనేదో మారిపోయి వాగుడుకాయనయ్యానని కాదు. ఈ రోజుకీ పట్టుబడి ముగించుకుని ఇంటికొస్తే మిద్దె మీదికెళ్లి అరగంట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటేగానీ మనిషిని కాను. అంటే ఆ టెస్టు నా గురించి చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. నా గురించి సగం సంగతి చెప్పింది. ఆ సగం నా చేతిలో ఉన్నంతసేపు నాకు పనికొచ్చేది, మీ లిస్టులోకి ఎక్కాక నాకు అడ్డమైంది. ఈ ఉత్తరమంతా ఈ ఒక్క ముక్క గురించే.

ఈ టెస్టుల సంగతి తర్వాత చాలా చదివాను. (పట్టుబడికి ముందు రాత్రి కట్ట మీద చేసేదేముంది, ఫోనే కదా.) ఈ నాలుగక్షరాల టెస్టు తయారుచేసింది కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ అనే తల్లీకూతుళ్లు. ఇద్దరూ సైకాలజీ చదివి పట్టా పొందినవాళ్లు కారు. కార్ల్ యుంగ్ 1921లో రాసిన సిద్ధాంతం మీద తల్లికి ఆసక్తి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మగవాళ్లు యుద్ధానికి వెళ్లిపోతే కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న ఆడవాళ్లకు ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోవడానికి పనికొస్తుందని కూతురు ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. ఉద్దేశం చూస్తే చాలా మంచిది. కానీ ఆ టెస్టు బాగోగులు చూసే సంస్థ వాళ్లే, ఉద్యోగానికి వచ్చినవాళ్లను వడపోయడానికి దీన్ని వాడటం అనైతికమని చెప్తారు. ఈ వాక్యం మీ ప్లేస్‌మెంట్ సెల్ గోడ మీద రాయించమని నా మనవి. టెస్టు సొంతదార్లే వద్దన్న పనిని మనం ఫీజు కట్టి మరీ చేస్తున్నాం.

కొలత సంగతి నా భాషలో చెప్తాను. చెరువులో కౌంట్ చూడాలంటే విసురువల వేస్తాం. పడిన రొయ్యల్ని తూచి, లెక్కపెట్టి, కిలోకి ఎన్ని పడుతున్నాయో చూస్తాం. నలభై పడితే నలభై కౌంట్, వంద పడితే వంద కౌంట్, రేటంతా దాన్నిబట్టే. కొత్తగా వచ్చినవాడు కట్ట పక్కనే ఒక వల విసిరి, ఇదే కౌంట్ అని రాసుకుంటాడు. అనుభవమున్న రైతు నవ్వుతాడు. నాలుగు మూలలా వెయ్యాలి, మధ్యలో వెయ్యాలి, వారం తర్వాత మళ్లీ వెయ్యాలి. ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క వస్తుంది, అన్నీ చూసుకుని ఒక అంచనాకి వస్తాం, అప్పుడు కూడా పట్టుబడి రోజు రెండు మూడు కౌంట్ అటూఇటూ అవుతుంది. మీరు మా పిలకాయల మీద ఒక్క వల విసిరి, పడిన లెక్కను జీవితాంతం కౌంట్‌గా రాస్తున్నారు సార్. ఇదే టెస్టు ఐదు వారాల తర్వాత మళ్లీ రాయిస్తే సగం మంది దాకా వేరే టైపులోకి పోతున్నట్టు పరిశోధకులు చూపించారు. కారణం కూడా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనుషుల్లో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు, ఎత్తులో లాగే. మధ్యలో ఒక గీత గీసి ఇటు 49 వచ్చినవాడు ఇంట్రావర్ట్, అటు 51 వచ్చినవాడు ఎక్స్‌ట్రావర్ట్ అంటే, ఆ 49 వాడికి ఆ పూట మెస్సులో చారు బాగుంటే 51 అయ్యేవాడు. పూర్తి ఇంట్రావర్ట్ అంటూ ఎవరూ ఉండరని ఆ మాట తెచ్చిన యుంగే అన్నాడు.

మరి చదువుతుంటే అచ్చం నా గురించే రాసినట్టుందే అంటారా? అదీ చెప్తాను. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన క్లాసులో 39 మందికి ఒక టెస్టు పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరికి వాళ్ల పేరుతో "ఇదీ నీ స్వభావం" అని కాగితమిచ్చి, ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు: అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, వాక్యాలు బజార్లో అమ్మే జాతకాల పుస్తకంలోంచి తీసినవి. అందులో ఒకటి, కొన్నిసార్లు కలుపుగోలుగా ఉంటారు, కొన్నిసార్లు ముభావంగా ఉంటారు అనే అర్థంలో ఉంటుంది. ఎవరికి సరిపోదు చెప్పండి? ఉగాది నాడు గుడి దగ్గర మన రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలు చదువుతారు. అవమానం ఆరు అని విన్న రోజు సాయంత్రానికి ఎవరో ఒకరు మనల్ని అవమానించినట్టే అనిపిస్తుంది. అక్కడ నాలుగు అంకెలు, ఇక్కడ నాలుగు అక్షరాలు. పంచాంగం చెప్పే పంతులుగారు మాత్రం ఆ అంకెల్ని తీసుకెళ్లి కంపెనీవాళ్లకు ఇవ్వరు.

అన్ని టెస్టులూ జాతకాలే అని కూడా నేననను, అది ఇంకో రకం బద్ధకం. సైకాలజీ వాళ్లు గట్టిగా నిలబడేది బిగ్ ఫైవ్ అనే పద్ధతి మీద. దాని మూలం నాకు బాగా నచ్చింది. మనుషుల గుణాలన్నీ భాషలో మాటలుగా ఉండి తీరతాయి కదా అని, 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు తిరగేసి, మనుషుల్ని వర్ణించే మాటలు దాదాపు పద్దెనిమిది వేలు ఏరారు. తర్వాతివాళ్లు ఏ మాట ఏ మాటతో కలిసి నడుస్తుందో లెక్కలు వేసుకుంటూ పోతే చివరికి అయిదు పెద్ద గుంపులు తేలాయి. కొత్తదనం మీద ఆసక్తి, పని మీద శ్రద్ధ, కలుపుగోలుతనం, ఎదుటివాళ్లతో సర్దుకుపోవడం, దిగులు. ఇందులో టైపులుండవు, ఒక్కొక్క గుణం ఎంత పాళ్లలో ఉందో చెప్తారంతే. మన తెలుగు నిఘంటువుతో ఎవరైనా ఈ పని చేస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. గడుసు, భోళా, ముక్కోపి, పెడసరం, నిదానస్తుడు, లౌక్యుడు, నంగనాచి... మా అవ్వ ఒక్కతే రెండొందల మాటలు ఇస్తుంది. నా గురించి ఆమె అనే మాట, "వాడు ముంగి కాదే, కొత్తచోట ముంగి." ఆ "కొత్తచోట" అన్న ఒక్క ముక్క మీ నాలుగక్షరాల్లో ఎక్కడా పట్టదు.

పని మీద శ్రద్ధ అనే గుణానికీ, ఉద్యోగంలో బాగా చేయడానికీ సంబంధం ఉందని 1991లో బ్యారిక్, మౌంట్ అనేవాళ్లు ఎన్నో అధ్యయనాలు కలిపి చూపించారు. నిజమే, కానీ ఆ సంబంధం బలం తక్కువ. పైగా ఉద్యోగం కోసం రాసే టెస్టులో "నేను పని మధ్యలో వదిలేస్తాను" అన్నదానికి అవును అని నొక్కే అమాయకుడు ఎవడు? మన సైన్యం ఆఫీసర్ని ఎంచుకోడానికి ఐదు రోజులు దగ్గర పెట్టుకుంటుంది. అరవై మాటలు చూపించి తోచింది రాయమంటారు, అరవై సందర్భాలు ఇచ్చి ఏం చేస్తావని అడుగుతారు, బొమ్మలు చూపించి కథలు రాయిస్తారు, గుంపుగా పనులు చేయిస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. ఇవన్నీ కలిపి చూస్తేగాని తేల్చుకోరు వాళ్లు. మీరు నలభై నిమిషాల్లో తేల్చేస్తున్నారు.

ఇప్పటిదాకా మిమ్మల్నే అన్నాను. ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మూడేళ్ల క్రితం మా ఆఫీసులో కూడా ఒక టెస్టు పెట్టారు, నాలుగు రంగులది, డిస్క్ అంటారు. (ఆ నాలుగు గుణాల సిద్ధాంతం 1928లో రాసిన విలియం మార్‌స్టన్ అనే ఆయనే తర్వాత వండర్ ఉమన్ అనే బొమ్మల కథల వీరనారిని సృష్టించాడు. ఇది తెలిసినప్పటి నుంచి మా హెచ్‌ఆర్ మేడమ్ రంగుల చార్టు చూస్తే నాకు నవ్వొస్తుంది.) అప్పుడే కొండాపురం వైపు నుంచి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. వాడి రిపోర్టులో నెమ్మదస్తుడు, గొడవలకు దూరం, చెప్పింది చేసుకుపోతాడు అని వచ్చింది. రేటు దగ్గర రైతు గొంతు పెంచితే వీడేం నిలబడతాడు అనుకుని ప్లాంటులో కంప్యూటర్ ముందు, ఎంట్రీలు కొట్టడానికి కూర్చోబెట్టాను. ఆ కాగితం చూపించే చెప్పాను, "నీకు ఇదైతే హాయిగా ఉంటుంది." 2014లో నాతో అన్న మాటే, ఇంచుమించు అదే గొంతుతో. నాలుగు నెలలకు వాడు మానేశాడు. వెళ్లే రోజు టీకొట్టు దగ్గర అడిగితే చెప్పాడు. ఆ టెస్టు లింకు వచ్చిన రోజు వాళ్లమ్మకు నెల్లూరులో ఆపరేషన్. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో పూర్తిచేశాడు, ఏది నొక్కాడో వాడికే గుర్తులేదు. చెరువుల మీదికి పంపిస్తానేమోనని నాలుగు నెలలు చూశాడట.

"మరి నన్ను అడగలేదేందిరా?" అన్నాను.

"మీరు కాగితం చూసి చెప్పారు గదా సార్. నా గురించి కాగితంలో ఉంటే నిజమేనేమో అనుకున్నా."

వాడు బైక్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు రెండు టీలు తాగాను.

అలాంటివాణ్ని మళ్లీ టెస్టు ఎందుకు రాశానో కూడా చెప్పాలి. మా ఆవిడ స్కూల్లో టీచర్. ఒకరోజు రాత్రి ఇద్దరం ఏదో చిన్న మాట మీద పట్టుదలకు పోయి, "మీకు ఓపిక లేదు" "నాకే ఎక్కువ" అని తేలక, బిగ్ ఫైవ్ టెస్టు ఒకటి తీశాం. ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్ అని లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే ప్రొఫెసరు మొదలుపెట్టిన ఖజానా ఉంది, మూడు వేలకు పైగా వాక్యాలు, ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అందులోంచి చేసిన నూట ఇరవై వాక్యాల టెస్టు. మామూలుగా రాస్తే ఏముందని ఒక పని చేశాం. నా గురించి నేను ఒక కాగితం మీద, నా గురించి తను ఇంకో కాగితం మీద. తర్వాత తన గురించి కూడా అంతే. ఒక్కొక్క వాక్యం తనే తెలుగులో చెప్పుకుంటూ పోయింది.

పక్కపక్కన పెట్టి చూస్తే రెండు చోట్ల మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఎదుటివాళ్లతో మెత్తగా ఉండటంలో నాకు నేను అయిదుకి నాలుగు వేసుకుంటూ పోతే తను రెండు, ఒకటి. "మొన్న మీ నాయన పొగాకు బ్యారన్ కట్టెల సంగతి చెప్తుంటే మూడుసార్లు మధ్యలో అందుకున్నారు, చివరికి ఆయన చెప్పడమే మానేశాడు" అంది. నాకు గుర్తే లేదు. రెండోది తారుమారుగా వచ్చింది. దిగులు పడటంలో నేను ఎక్కువ వేసుకున్నాను, తను బాగా తక్కువ వేసింది. "మీకు దిగులా? ఎప్పుడు?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. పట్టుబడి ముందు రోజు మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పుతుందనీ, ఐసు సరిపోతుందో లేదో, బండి టైముకి వస్తుందో రాదో, కౌంట్ తేడా వస్తే రైతుకి ఏం చెప్పాలో అని అన్నం కూడా సయించదనీ పెళ్లయిన ఆరేళ్లలో ఆమెకు చెప్పింది అదే మొదటిసారి. లోపలి ఆందోళన మనకే బాగా తెలుస్తుందనీ, తెలివి, సృజన లాంటివి మనకంటే మన స్నేహితులే బాగా చెప్పగలరనీ సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో చూపించారు. మా వంటింటి బల్ల మీద కూడా, ఆమె లెక్కలోని మొదటి సగమైతే అచ్చంగా అట్లాగే తేలింది.

దానివల్ల నేను చేసిన మార్పు చెప్తే నవ్వుతారు. పట్టుబడి ముందు రోజు సాయంత్రం కౌంట్, అంచనా టన్నులు, ఐసు, బండి నంబరు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాను, గంటకోసారి ఫోన్లు చేసి అందర్నీ చంపకుండా. ఐసు బండి డ్రైవర్‌కి ముందే చెప్పేస్తాను, "ఈ రాత్రి నా గొంతు లేస్తే పట్టించుకోబాక." అంతే. నాయన మాట్లాడుతుంటే నోరు మూసుకోవడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు, నేర్చుకుంటున్నాను. నాలుగక్షరాల కాగితం నువ్వు ఫలానా రకం అని చెప్పి అక్కడికి ఆపేసింది. ఇదేమో, నీ లెక్క ఇది, మీ ఆవిడ లెక్క అది, తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి అంది. మేం ఆ రాత్రి పన్నెండున్నర దాకా మాట్లాడుకున్నాం.

ఇంకో మాట, మీలో కొందరికి కోపం వచ్చినా సరే. అడ్మిషన్ల సీజన్లో మీరు పెట్టే కెరీర్ గైడెన్స్ మేళాల్లో పదివేళ్ల ముద్రలు స్కాన్ చేసి పిల్లల మెదడు సంగతి చెప్పే స్టాళ్లు కనిపిస్తున్నాయి. డీఎమ్‌ఐటీ అంటారు. మా బావ ఏడేళ్ల కొడుక్కి ఆరు వేలు పోసి చేయించుకొచ్చాడు, రంగురంగుల పుస్తకం ఒకటి ఇచ్చారు, అందులో వాడికి లెక్కలు రావని ఉంది. వాడు ఇప్పుడు లెక్కల హోంవర్క్ అడిగితే "నా వేళ్లలో లేదంట" అంటున్నాడు. వేలిముద్రల గీతలు తల్లి కడుపులో మూడో నెల నుంచి ఏర్పడతాయి, వాటికీ మనిషి స్వభావానికీ, వాడు చదవబోయే చదువుకీ ముడి ఉందని ఎక్కడా రుజువు కాలేదు. ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. పైన చెప్పిన టెస్టుల్లో కనీసం మనం చెప్పిన జవాబులైనా ఉంటాయి. ఇందులో పిల్లవాడు నోరు విప్పే పనే లేదు. ఆ స్టాలుకు చోటివ్వకండి.

మిగతా టెస్టులు మానేయమని నేను అడగడం లేదు. పెట్టండి. కానీ మొదటి సంవత్సరంలోనే పెట్టండి, ఫైనల్ ఇయర్లో కంపెనీలు గుమ్మంలోకి వచ్చాక కాదు. వాక్యాలు తెలుగులో చదివి చెప్పే మనిషిని పక్కన ఉంచండి, పార్టీ అంటే ఏంటో, కలుపుగోలుతనం అంటే ఏంటో. రెండు నెలలాగి మళ్లీ ఒకసారి రాయించండి, ఎక్కడ మారిందో వాళ్లనే చూసుకోమనండి. రూమ్మేటు చేత గానీ, ఇంటికెళ్లినప్పుడు అమ్మ చేత గానీ "వీడి గురించి నువ్వు చెప్పు" అని ఇంకో కాగితం నింపించమనండి, అసలు మజా అక్కడుంది. కాగితం వాళ్లకే ఇచ్చేయండి. జిరాక్సు తీయకండి, ఫైల్లో పెట్టకండి, మెయిల్లో మాలాంటివాళ్లకు పంపకండి. ఎందుకంటే మేం చూస్తాం. చూడకూడదని తెలిసి కూడా చూస్తాం, కొండాపురం కుర్రాడి విషయంలో నేను చూశాను కదా. పేరు పక్కన ఒక ముక్క కనపడితే మనిషి కన్ను అక్కడికే పోతుంది.

పోయిన నెల ఆ నలభై రెండు మంది లిస్టులో ఆ కాలమ్‌ని వెనక్కి మడిచేసి ఇంటర్వ్యూలు చేశాను. అయినా ఒకమ్మాయి లోపలికొచ్చి కూర్చోగానే, నేనేం అడగకముందే "సార్, నేను ఐఎన్‌ఎఫ్‌పీ, అయినా ఫీల్డ్ వర్క్ చేయగలను" అంది. ఆ "అయినా" దగ్గర నాకు ఏం అనాలో తోచలేదు. ఊరేదమ్మా అని అడిగాను. ఉలవపాడు, మామిడితోట ఉంది, సీజన్లో కాయల బేరం నాన్నతో పాటు తనే మాట్లాడుతుందట. ఇంకేం అడగాలి నేను?

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వస్తాను. అప్పటికి లిస్టులో ఆ కాలమ్ తీసేసి, ఆ ఖాళీలో పిలకాయల ఊరి పేరు రాయించండి. రాత్రి రెండింటికి విడవలూరులో పట్టుబడి ఉంటే ఎవరు ఎక్కడి నుంచి రావాలో నాకు తెలియాలి.

ఇట్లు,
మీ హైవే మీదే చదువుకున్న ఒక పాత విద్యార్థి